ముందు ఎన్కకు తిప్పు

శ్రీరంగాపూర్‌లో మా అక్కవాళ్ల వసారాలోకి పోయిన ఎండాకాలం ఒక అట్టపెట్టె వచ్చింది. పెబ్బేరు దాకా లారీలో, అక్కడి నుంచి ట్రాలీ ఆటోలో. పిల్లలు చదువుకోవడానికి బల్ల, దానికి ఆనుకుని పుస్తకాల అర. బల్ల అన్నది పేరుకే. పెట్టెలో ఉన్నవి పదకొండు పలకలు, ప్లాస్టిక్ సంచిలో గుప్పెడు స్క్రూలు, వంగిన చిన్న ఇనుప కడ్డీ ఒకటి, మాటల్లేని బొమ్మల కాగితం.

ఇంటర్ చదివే మా మేనల్లుడు ఒక్కడే కూర్చుని గంటన్నరలో దాన్ని నిలబెట్టాడు. అక్క మురిసిపోయి బట్టతో తుడవబోతే చేతికి గరుకు తగిలింది. పక్క పలక తిరగబడింది. నున్నటి అంచు గోడవైపు, పొట్టు కనబడే అంచు మనవైపు. ఆ ఒక్క పలక మార్చాలంటే సగం బల్ల విప్పాలి.

గంటన్నరలో కట్టినదాన్ని వాడు పది నిమిషాల్లో విప్పేశాడు. చెడింది అక్కడే. రెండు స్క్రూల తలలు అరిగిపోయాయి. ఒక పలకను బలంగా గుంజితే గుండ్రటి లాక్ ఉన్నచోట బోర్డు పెచ్చు లేచింది. ఊడిన స్క్రూలన్నీ ఒకే గిన్నెలో పోశాడు. తిరిగి బిగించబోతే ఏది ఎక్కడిదో అంతుపట్టలేదు. ఒక స్క్రూ అయితే ఎంత తిప్పినా పట్టు దొరక్క తిరుగుతూనే ఉంది.

ఈ అధ్యాయం ఆ పది నిమిషాల గురించి. ఎలా బిగించాలో చెప్పే కాగితం పెట్టెలో వస్తుంది. ఎలా విప్పాలో ఎవరూ చెప్పరు. కానీ ఇల్లు మారినప్పుడు, ఉద్యోగం బదిలీ అయినప్పుడు, రంగులు వేయించినప్పుడు, మంచం తలుపులోంచి పట్టనప్పుడు మనం చేసేది ముందు విప్పడమే. మళ్లీ నిలబెట్టిన వస్తువు గట్టిగా ఉంటుందా, ఊగుతుందా అన్నది మనం విప్పిన తీరులోనే తేలిపోతుంది.

ఆ సాయంత్రం ఎదురింటి వడ్ల తాత వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఎడ్లబండ్లు, నాగళ్లు, దర్వాజలు చేసిన చేతులు. కాసేపు ఊరకే చూశాడు.

“ఏంది మనుమడా, గట్ల ఒత్తుతున్నవ్?”

“స్క్రూ పడ్తలేదు తాతా. ఎంత తిప్పినా తిరుగుతనే ఉంది.”

“తిరుగుతది మల్ల. పాత తొవ్వ ఇడిసిపెట్టి కొత్త తొవ్వ తవ్వినవ్. ముందు ఎన్కకు తిప్పు. టక్కుమంటది. అప్పుడు ముందటికి తిప్పు.”

ఈ ఒక్క మాట కోసం అధ్యాయమంతా రాయవచ్చు. స్క్రూ మొదటిసారి చెక్కలోకి దిగేటప్పుడు తన మరల కొలతకు సరిగ్గా ఒక మెలికల దారి కోసుకుంటుంది. దాన్ని విప్పినా ఆ దారి అలాగే ఉంటుంది. రెండోసారి స్క్రూను రంధ్రంలో పెట్టి నేరుగా కుడికి తిప్పితే మర మొన పాత దారి మీదే పడుతుందన్న నమ్మకం లేదు. పక్కన పడితే పాత దారిని అడ్డంగా కోస్తూ ఇంకోటి తవ్వుతుంది. రెండు దారులూ కలిసిపోయి అక్కడ పొడి మిగులుతుంది. అదే మెల్లగా ఒత్తుతూ ముందు ఎడమకు తిప్పితే, మర మొన పాత దారి మొదలు దగ్గరికి రాగానే స్క్రూ ఒక వెంట్రుకవాసి కిందికి జారుతుంది. చేతికి తెలుస్తుంది, చాలాసార్లు చెవికీ వినిపిస్తుంది. అక్కడి నుంచి కుడికి తిప్పితే బలం పెట్టకుండానే దిగిపోతుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే దారి తప్పామని అర్థం. ఆగి, తీసి, మళ్లీ మొదలుపెట్టాలి. నట్టుకూ, ప్లాస్టిక్ డబ్బా మూతకూ ఇదే పద్ధతి పనిచేస్తుంది.

తాత వాడిన కర్రలో ఇది కొంత తప్పినా చెల్లేది. టేకు, వేప, తుమ్మ నారతో పుట్టిన కర్రలు, మరను గట్టిగా పట్టుకుంటాయి. పెట్టెల్లో వచ్చే పలక చాలావరకు పార్టికల్ బోర్డు. చెక్క పొట్టును జిగురుతో కలిపి, వేడి మీద ఒత్తి చేసింది. దానికి నార లేదు. ఒకసారి దారి చెదిరితే తిరిగి పట్టుకోవడానికి లోపల ఏమీ ఉండదు. “గట్టిగ బిగిస్తే గట్టిగుంటదనుకుంటరు. ఇది కట్టె కాదు బిడ్డా, పొట్టు” అన్నాడు తాత, పెచ్చు లేచిన చోట వేలితో తడుముతూ.

పెట్టెలో సామాను అనే పద్ధతి పెరగడం వెనక కూడా ఒక విప్పడం కథ ఉంది. 1950ల నడిమి కాలంలో స్వీడన్‌లో ఐకియా ఉద్యోగి గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్లను కారులో పట్టించలేక దాని కాళ్లు విప్పాడని ఆ సంస్థ చెప్పుకుంటుంది. అక్కడి నుంచి పలకలను పరచి పెట్టెలో అమ్మే ఆలోచన పెరిగింది. అదే ఐకియా భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో తెరిచింది. ఇప్పుడు పాలమూరు పల్లెల్లోకి కూడా ఏదో ఒక కంపెనీ పెట్టె వస్తోంది. దానితోపాటు, నిన్నటిదాకా వడ్రంగి చేతిలో ఉన్న పని మన చేతిలోకి వచ్చింది. పని వచ్చింది, పని తెలిసిన చెయ్యి రాలేదు. ఆ చెయ్యిని మనమే తయారు చేసుకోవాలి.

మొదట పనిముట్టు. మన ఇళ్లలో కరెంటు టెస్టరే స్క్రూ డ్రైవర్. ఈ అలవాటు మానండి. టెస్టర్ మొన సన్నగా, బల్లపరుపుగా ఉంటుంది. ప్లస్ గాడి ఉన్న స్క్రూలో అది రెండు అంచులనే పట్టుకుంటుంది, ఆ రెండూ అరిగిపోతాయి. ఈ ప్లస్ గాడిని 1930లలో హెన్రీ ఫిలిప్స్ అనే అమెరికన్ ప్రచారంలోకి తెచ్చాడు. మొన గాడి నడిమధ్యకు తనంతట తానే చేరుతుంది కాబట్టి కార్ల కర్మాగారాలకు బాగా కలిసివచ్చింది. కానీ గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి. తిప్పే బలం పెరిగేకొద్దీ మొన పైకి తన్నుకొస్తుంది. అందుకే ప్లస్ స్క్రూ విప్పేటప్పుడు తిప్పే బలంకంటే ఒత్తే బలం ఎక్కువ ఉండాలి. అరచేతితో పిడిని నిలువుగా అదిమి, ఆ తర్వాత తిప్పాలి. మొన గాడిలో ఊగకుండా కూర్చోవాలి. సామానుకు ఎక్కువగా సరిపోయేది 2వ నంబరు మొన. చిన్న కబ్జాలకు, సొరుగు పట్టాలకు కొన్నిసార్లు 1వ నంబరు కావాలి. ఈ రెండూ ఇంట్లో ఉంటే సగం స్క్రూల తలలు బతికిపోతాయి.

తల అరిగిపోయిందనుకోండి. పాత సైకిల్ ట్యూబ్ ముక్క కత్తిరించి తల మీద పరచి, దాని మీద స్క్రూ డ్రైవర్ పెట్టి గట్టిగా ఒత్తి మెల్లగా తిప్పండి. రబ్బరు గాడిలోకి దిగి పట్టు ఇస్తుంది. మా మేనల్లుడి రెండు స్క్రూల్లో ఒకటి ఇలాగే వచ్చింది. రెండోదాని తల కొంచెం పైకి ఉండటంతో తాత పట్కారుతో పట్టుకుని తిప్పాడు.

ఇనుప మంచాల సంగతి వేరు. శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడిని ఆనుకునే రంగసముద్రం చెరువు. ఏడాది పొడవునా నీటి గాలి తగిలే ఇళ్లలో మంచం బోల్టులు తుప్పుతో నట్టును కరచిపెట్టుకుని ఉంటాయి. అలాంటిదాన్ని పానాతో ఒక్కసారిగా ఎడమకు తిప్పితే బోల్టు మెడ విరగొచ్చు. ముందు రోజు రాత్రే మర మీద రెండు చుక్కల కిరోసిన్ గానీ నూనె గానీ వేసి వదిలేయండి. పొద్దున సుత్తితో నట్టు మీద చిన్నగా నాలుగు దెబ్బలు వేయండి. తర్వాత విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క పిసరు తిప్పండి. తుప్పు పొర పగులుతుంది. అప్పుడు ఎడమకు తిప్పితే వస్తుంది. ఇక్కడా తాత మాటే, వైపు మాత్రమే మారింది.

అన్ని మరలూ ఎడమకు వదులు కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. టేబుల్ ఫ్యాన్ రెక్కను పట్టి ఉంచే ప్లాస్టిక్ బిళ్ల, సైకిల్ ఎడమ పెడల్ చాలావరకు కుడికి తిప్పితేనే వదులవుతాయి. రాకపోతే బలం పెంచకుండా ముందు బాణం గుర్తు ఉందేమో చూడండి.

ఇక విప్పిన వాటిని ఎక్కడ పెట్టాలి? నేను ఎక్కువ ఆగి చెప్పదలచుకున్నది ఇక్కడే, ఎందుకంటే తెలిసినవాళ్లు కూడా తప్పేది ఇక్కడే. వడ్ల తాత ఒక పలక విప్పిన ప్రతిసారీ దాని స్క్రూలను వెంటనే వాటి రంధ్రాల్లోనే రెండు చుట్లు తిప్పి వదిలేస్తాడు. స్క్రూ తన ఇంట్లో తానే ఉంటుంది, వెతకడం అన్నదే ఉండదు. రంధ్రంలో పెట్టే వీలు లేకపోతే అదే పలకకు టేపుతో అంటించండి. ఇల్లు మారేటప్పుడైతే ఇంకో పద్ధతి బాగుంటుంది. అట్టముక్క మీద మంచం బొమ్మ మామూలుగా గీసి, ఏ మూల బోల్టును ఆ మూలలో అట్టకు గుచ్చండి. దాన్ని సామాను లారీలో వేయకుండా మీ చేతి సంచిలో పెట్టుకోండి. విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోనులో ఫొటోలు తీయడం మరవొద్దు.

పొడవుల్లో తేడా చూడ్డానికి కన్ను చాలదు. స్క్రూలను నేల మీద తల కిందికి పెట్టి సైనికుల్లా పక్కపక్కన నిలబెట్టండి. 30 మిల్లీమీటర్లది, 35ది అప్పుడు తెలుస్తుంది. ఆ 5 మిల్లీమీటర్ల తేడాయే బల్ల పైపలకను చీల్చుకుని బయటికొచ్చి పిల్లల చేతికి గీసుకునేది.

స్క్రూ గానీ బోల్టు గానీ ఒకటి పోయినా ఇవాళ దొరుకుతుంది. బండి చీల అలా కాదు. ఎడ్లబండి ఇరుసు నుంచి చక్రం జారిపోకుండా అడ్డంగా నిలిచేది ఒక చీల. ఆ చీలను ఆ బండి కోసమే, ఆ ఇరుసు రంధ్రానికే చెక్కుతారు. ఇంకో బండికి పట్టదు. మరలకూ ఒకప్పుడు ఇదే గతి, ఏ కార్ఖానా కొలత దానిదే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో మరలన్నిటికీ ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించాడు. ఆ దారిలో వచ్చిందే ఇవాళ్టి మెట్రిక్ కొలత. ఎం6 అంటే మర వ్యాసం 6 మిల్లీమీటర్లు, మామూలు మరలో ఒక్క చుట్టుకు 1 మిల్లీమీటరు ముందుకు పోతుంది. పెబ్బేరు శనివారం సంతకు వెళ్లినప్పుడు మిగిలిన బోల్టును ఒకటి జేబులో వేసుకుని హార్డ్‌వేర్ దుకాణంలో చూపిస్తే చాలు. ఎక్కడో తయారైన పలకకు మన ఊరి బోల్టు సరిపోతుంది.

పెచ్చు లేచిన ఆ గుండ్రటి లాక్‌ను కార్పెంటర్లు మినీఫిక్స్ అంటారు. ఒక పలకలో మెడ ఉన్న కడ్డీ, రెండో పలకలో బిళ్ల. బిళ్లను తిప్పితే దాని లోపలి కొక్కెం కడ్డీ మెడను పట్టి లాగుతుంది. బిళ్ల మీద చిన్న బాణం ఉంటుంది. కడ్డీ వచ్చే రంధ్రం వైపు ఆ బాణం చూస్తున్నప్పుడే కడ్డీ లోపలికి వెళుతుంది, బయటికీ వస్తుంది. బిగించడానికి సుమారు అర చుట్టు చాలు. అది దాటాక కూడా ఊరకే తిరుగుతోందంటే కడ్డీ మెడ దాకా దిగలేదని అర్థం. విప్పేటప్పుడు బాణాన్ని తిరిగి రంధ్రం వైపు తెచ్చి, రెండు పలకలను తిన్నగా ఎడంగా జరపాలి. మా వాడు బాణం చూడలేదు. పలకను పైకి ఎత్తుతూ మెలిపెట్టాడు.

తిరిగి బిగించేటప్పుడు ఏ స్క్రూనూ మొదటే పూర్తిగా బిగించొద్దు. అన్నీ ముప్పాతిక వరకే. వంగిన కడ్డీని, అంటే అలెన్ కీని, మొదట పొడవు కొనతో బోల్టులో పెట్టి వేళ్లతో తిప్పితే పని త్వరగా అవుతుంది. చివరి బిగింపుకు పొట్టి కొనను బోల్టులో పెట్టి పొడవు కాడతో తిప్పితే బలం దొరుకుతుంది. ఆ బిగింపుకు ముందు ఒక దారం తీసుకుని ఈ మూల నుంచి ఎదురు మూలకు, ఆ మూల నుంచి దాని ఎదురు మూలకు కొలవండి. రెండు కొలతలూ ఒకటైతే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే ఎక్కువ వచ్చిన మూలలను అరచేతులతో లోపలికి నొక్కండి. జీపు చక్రం నట్లు బిగించినట్టు ఒక మూల తర్వాత దాని ఎదురు మూల బిగిస్తూ రండి. వెనక కొట్టే పలుచటి పలకను అలక్ష్యం చేయొద్దు. బీరువా పక్కకు ఒరగకుండా నిలబెట్టేది అదే.

ఎక్కడ ఆగాలి? తల బోర్డు మట్టానికి వచ్చాక చేతికి బరువు తగులుతుంది. ఆ తర్వాత పావు చుట్టు చాలు. పార్టికల్ బోర్డులో డ్రిల్ మిషన్‌తో బిగించకండి. బరువు తగిలిన సంగతి మిషన్ చెప్పదు, మణికట్టే చెబుతుంది.

తిరుగుతూనే ఉన్న ఆ స్క్రూ రంధ్రాన్ని తాత అరనిమిషంలో చూసి, వంటింట్లోంచి నాలుగు అగ్గిపుల్లలు తెమ్మన్నాడు. మందు ఉన్న తలలు విరిచేసి, పుల్లలను ఫెవికాల్‌లో ముంచి, రంధ్రం నిండా దట్టించి, పైకి మిగిలినది కత్తితో కోశాడు. “రేపటిదంక ముట్టకు” అన్నాడు. మేనల్లుడు ఆ రాత్రి రెండుసార్లు లేచి వెళ్లి చూసి, ముట్టకుండానే వచ్చాడని అక్క చెప్పింది. మర్నాడు స్క్రూ కొనకు కొవ్వొత్తి రుద్ది, మెల్లగా దింపితే పట్టింది. ఇప్పటికీ పట్టే ఉంది.

ఇది వ్యక్తిత్వం గురించిన పుస్తకం కాబట్టి ఒక మాట సూటిగా చెబుతాను. చేతిపనిని మనం తరాలుగా కొన్ని కులాలకు అప్పగించి, మన పిల్లల చేతికి కలం ఒక్కటే ఇచ్చాం. పానా పట్టుకుంటే “నీకెందుకురా, మనిషిని పిలుద్దాం” అంటాం. మనిషిని పిలవడం తప్పు కాదు. పెద్ద పనికి పిలవాలి, అడిగినంత కూలి ఇవ్వాలి. కానీ పని విలువ తెలియని చెయ్యి కూలి దగ్గర బేరం ఆడుతుంది. ఒక్కసారి తానే స్క్రూ దారి తప్పించి, అగ్గిపుల్లలతో సరిచేసుకున్న పిల్లవాడు వడ్ల తాతతో బేరం ఆడడు. వనపర్తి రాజుల ప్రాసాదంలో నడుస్తున్న పాలిటెక్నిక్‌లో నేను చదివిన రోజుల్లో మొదటి ఏడాది అందరూ ఆకురాయి పట్టాల్సిందే, చిత్రిక పట్టాల్సిందే. నాలో ఓపిక అనేది ఏమైనా ఉంటే అది ఆ వర్క్‌షాపులోనే మొదలైంది. ఆడపిల్లల చేతికి కూడా పానా ఇవ్వండి. రేపు హాస్టల్ గదిలో, అద్దె ఇంట్లో మంచం బిగించుకోవాల్సింది వాళ్లే.

కోపం వచ్చినప్పుడు మాత్రం ఏదీ విప్పొద్దు. మా బల్లకు జరిగిన నష్టమంతా పలక తిరగబడిందని తెలిసి వాడికి ఉక్రోషం వచ్చిన ఆ పది నిమిషాల్లోనే జరిగింది. లేచి, నీళ్లు తాగి, రంగసముద్రం గట్టు దాకా నడిచి వచ్చి మొదలుపెట్టి ఉంటే సైకిల్ ట్యూబ్ అవసరమే వచ్చేది కాదు.

బిగించిన రెండు వారాలకు ఒకసారి, ఆ తర్వాత వానాకాలం పోయాక ఒకసారి, అన్ని బోల్టులనూ చేత్తో తాకి చూడండి. మంచం కిర్రుమంటే ఏదో ఒక చోట వదులైందని, లేదా వాషర్ పెట్టడం మరచిపోయామని అర్థం.

అన్నీ అయ్యాక సంచిలో ఏదైనా మిగిలితే “ఎక్కువ ఇచ్చినట్టున్నారు” అనుకోకండి. మా అక్క ఇంట్లో మిగిలింది ఎల్ ఆకారపు చిన్న ఇనుప పట్టీ, ఒక ప్లాస్టిక్ ప్లగ్, ఒక పొడవు స్క్రూ. అవి పుస్తకాల అరను గోడకు కట్టేవి. 2016 జూన్‌లో ఐకియా సంస్థ ఒక్క అమెరికాలోనే 2 కోట్ల 90 లక్షల సొరుగు బీరువాలను వెనక్కి పిలిచింది. గోడకు బిగించని బీరువాలు ముందుకు పడి చిన్నపిల్లలు చనిపోయారు. తెరిచిన సొరుగులు మెట్లలా కనబడితే ఏ పిల్లవాడైనా ఎక్కుతాడు. పాత రాతి గోడ అయితే పైపూతలో ప్లగ్ నిలవదు, లోపల గట్టి రాయి తగిలేదాకా రంధ్రం పోవాలి. స్విచ్ బోర్డుకు సరిగ్గా పైనా కిందా మాత్రం రంధ్రం వేయొద్దు, లోపల వైరు ఉంటుంది.

మీ ఇంట్లో కూడా అలాంటి పట్టీ ఏ సొరుగులోనో, దేవుడి గూట్లోనో పడి ఉండవచ్చు. వెతకండి. దొరికితే ఇవాళే గోడకు బిగించండి.